జాకోబైట్ వైన్ గ్లాసులు సేకరించాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇవి ఏం గ్లాసులు?

18వ శతాబ్దంలో బ్రిటన్‌లో తయారైన, కాడ ఉన్న వైన్ గ్లాసులు. వాటి మీద గులాబీ పువ్వు, ఒకటో రెండో మొగ్గలు, ఓక్ ఆకు, నక్షత్రం, ఒక్కోసారి ఒక లాటిన్ మాట సన్నగా చెక్కి ఉంటాయి. తెలియనివాళ్ళకి అది పూల డిజైన్. తెలిసినవాళ్ళకి మాత్రం, ఇప్పుడు సింహాసనం మీద కూర్చున్నవాడు మా రాజు కాదు, మా రాజు సముద్రం అవతల ఉన్నాడు అని చెప్పుకున్న మాట. పైకి అంటే రాజద్రోహం కింద ఇరుక్కునే మాటని ఇంట్లో భోజనాల బల్ల దగ్గర గ్లాసు చేత చెప్పించారన్నమాట. రాజకీయ గుర్తులున్న పాత గాజు సామాన్లలో సేకరించేవాళ్ళు ఎక్కువగా వెంటపడేది వీటి కోసమే, దొంగ సరుకు ఎక్కువగా తిరిగేది కూడా ఇక్కడే, అందుకే ఈ పేజీ ఇంత పొడుగైంది.

జాకోబైట్లు అంటే ఎవరు? చరిత్ర కొంచెం చెప్తారా?

1688లో ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్‌ని దింపేసి ఆయన అల్లుడు విలియమ్‌ని, కూతురు మేరీని గద్దె ఎక్కించారు. జేమ్స్ క్యాథలిక్ అవ్వడం, అదే ఏడాది ఆయనకి కొడుకు పుట్టి క్యాథలిక్ వంశమే కొనసాగేలా కనిపించడం దానికి పెద్ద కారణం. జేమ్స్‌ని లాటిన్‌లో జాకోబస్ అంటారు కాబట్టి ఆయన వైపు ఉండిపోయినవాళ్ళు జాకోబైట్లు అయ్యారు. ఆ కొడుకు జేమ్స్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ బతుకంతా ఫ్రాన్స్‌లో, ఇటలీలో గడిచింది. ఆయన కొడుకులు ఇద్దరు, 1720లో రోమ్‌లో పుట్టిన చార్లెస్ ఎడ్వర్డ్, 1725లో పుట్టిన హెన్రీ. 1714 తర్వాత లండన్‌లో గద్దె మీద ఉన్నది జర్మనీ నుంచి వచ్చిన హానోవర్ వంశం.

1715లో ఒక తిరుగుబాటు జరిగి ఫెయిలైంది. 1745 ఆగస్టులో చార్లెస్ స్కాట్లండ్‌లోని గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తాడు, సెప్టెంబర్‌లో ప్రెస్టన్‌పాన్స్ దగ్గర గెలిచాడు, డిసెంబర్‌కి ఇంగ్లండ్ మధ్యలో డెర్బీ దాకా వచ్చేశాడు, అక్కడి నుంచి వెనక్కి తిరిగి 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్‌లో ఓడిపోయాడు. ఆ తర్వాత స్కాట్లండ్ ఉత్తరాన కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో గాలింపులు, ఉరితీతలు, అక్కడి మగవాళ్ళు తమ సంప్రదాయ బట్టలు వేసుకోకూడదని చట్టం, అది 1782 దాకా ఉంది. మీరు గ్లాసు మీద చూసే ఆ గులాబీ వెనక ఇంత ఉంది, ఇది తెలియకుండా కొంటే మీ చేతిలో మిగిలేది ఒక పాత గ్లాసు మాత్రమే.

గ్లాసు మీదే ఎందుకు చెక్కించుకున్నారు?

వాళ్ళ రాజకీయం చాలావరకు విందుల్లో నడిచింది కాబట్టి. క్లబ్బులు ఉండేవి. వేల్స్ ఉత్తర భాగంలో వాట్కిన్ విలియమ్స్-విన్ కుటుంబం ఆధ్వర్యంలో నడిచిన సైకిల్ క్లబ్ అందరికీ తెలిసిన పేరు, 1710లో మొదలైంది, సభ్యుల ఇళ్ళల్లో వంతులవారీగా కలిసేవాళ్ళు, ఆ పేరు అందుకే. తిని, తాగి, రాజు పేరు మీద టోస్ట్ చెప్పుకునేవాళ్ళు. అందరితో పాటు "రాజుగారికి" అని గ్లాసు ఎత్తి, దాన్ని పక్కనున్న నీళ్ళ గిన్నె మీదుగా తిప్పేవాళ్ళని, అంటే నీళ్ళకి అవతల ఉన్న రాజుకి అని అర్థమని చెప్తారు. విలియమ్ రాజు గుర్రం ఎలుక లాంటి మోల్ అనే జంతువు తవ్విన మట్టిదిబ్బకి తట్టుకుని పడ్డాక 1702లో ఆయన చనిపోయాడు, అందుకని ఆ మోల్‌కి కూడా "నల్ల వెల్వెట్ కోటు వేసుకున్న చిన్న పెద్దమనిషి" అని టోస్ట్ చెప్పుకునేవాళ్ళు.

గులాబీకి, మొగ్గలకి అర్థం ఏంటి? ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంది

ఒక్కోలా ఉండటమే నిజం, ఎందుకంటే గ్లాసులు చేయించుకున్నవాళ్ళు అర్థం రాసి పెట్టలేదు, రాసిపెడితే ప్రమాదం కదా. తెల్ల గులాబీ మాత్రం స్టూవర్ట్ వంశపు, అంటే ఈ జేమ్స్‌ల వంశపు, గుర్తు, జేమ్స్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ పుట్టినరోజు జూన్ 10ని తెల్ల గులాబీ రోజుగా జరుపుకునేవాళ్ళు, ఇందులో డౌట్ లేదు. గ్లాసు మీద పువ్వుకి మామూలుగా ఆరు రేకులు ఉంటాయి, ఏడూ ఎనిమిదీ ఉన్నవీ కనిపిస్తాయి. ఎక్కువమంది చెప్పేది ఏంటంటే విచ్చుకున్న పువ్వు కిరీటం, లేదా తండ్రి జేమ్స్, మొగ్గలు ఇద్దరు కొడుకులు చార్లెస్, హెన్రీ అని. మరి ఒక్క మొగ్గే ఉన్న గ్లాసులు ఏంటి అంటే, 1747లో హెన్రీ రోమన్ క్యాథలిక్ చర్చిలో కార్డినల్, అంటే పెళ్ళి చేసుకోని పెద్ద మతగురువు, అయిపోయాడు, వారసత్వం ఆశ పోయింది కాబట్టి ఒక మొగ్గ తీసేశారని ఒక వాదన, కాదు ముందు నుంచీ రెండు రకాలూ పక్కపక్కనే చేశారని ఇంకో వాదన. నా అభిప్రాయం అడిగితే మొగ్గలు లెక్కపెట్టి ఏడాది తేల్చేసే అమ్మకందారుని నమ్మొద్దు, ఆ లెక్క అంత బలంగా నిలబడదు.

ఓక్ ఆకు కథ స్పష్టంగా ఉంది. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్లెస్ (రెండో జేమ్స్‌కి అన్న) బాస్కోబెల్ దగ్గర ఒక ఓక్ చెట్టు మీద దాక్కుని బతికాడు, 1660లో తిరిగి వచ్చి రాజయ్యాడు. ఒకసారి ఓక్ చెట్టు కాపాడింది, ఇంకోసారి కూడా అలాగే తిరిగొస్తారు అని ఆశ. కొన్ని గ్లాసుల మీద నరికేసిన ఓక్ మొద్దు పక్కనుంచి చిగురు వస్తున్నట్టు ఉంటుంది, దాని కింద "రెవిరెస్కిట్", మళ్ళీ చిగురిస్తోంది, అని రాసి ఉంటుంది, నాకు ఈ గుర్తులన్నిట్లో ఇదే ఎక్కువ ఇష్టం. తిసిల్ అనే ముళ్ళ పువ్వు స్కాట్లండ్‌ది. ఇవి కాక సీతాకోకచిలుక, తేనెటీగ, పొద్దుతిరుగుడు, దిక్సూచి, డాఫొడిల్ లాంటివి కూడా చెక్కి ఉంటాయి. ప్రతి పురుగుకీ ఒక రహస్య అర్థం అంటగట్టడం అలవాటైపోయింది, ఒక్కోసారి అవి ఖాళీ నింపడానికి చెక్కిన బొమ్మలే అయ్యుండొచ్చు. బొమ్మ ఒంటరిగా ఉందా, గులాబీ, ఓక్, నక్షత్రంతో కలిసి ఉందా అన్నది చూడండి. గులాబీ ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే జాకోబైట్ అని గట్టిగా అనడం కష్టం, మామూలు పూల గ్లాసులు కూడా అప్పట్లో బోలెడు.

లాటిన్ మాటలు ఏమేం ఉంటాయి?

ఎక్కువగా కనిపించేది "ఫియాట్", అంటే అలాగే జరుగుగాక. తర్వాత "రెడేయాట్", ఆయన తిరిగి రావాలి. "ఆడెన్షియర్ ఈబో", ఇంకా ధైర్యంగా ముందుకెళ్తాను. ఇది రోమన్ కవి వర్జిల్ ఈనియడ్‌లోని ఒక పాదాన్ని కొద్దిగా మార్చింది. "టుర్నో టెంపుస్ ఎరిట్" కూడా అక్కడిదే. ఆ కావ్యంలో టర్నస్ అనేవాడు ఒక కుర్రాణ్ణి చంపి అతని నడుంపట్టీ తీసుకుని వేసుకుంటాడు, ఆ దోపిడీని అసహ్యించుకునే రోజు టర్నస్‌కి వస్తుంది అంటాడు కవి. వేరేవాడి సొత్తు వేసుకుని కూర్చున్న హానోవర్ రాజుకి అది హెచ్చరిక. ఈ గ్లాసులు వాడినవాళ్ళు లాటిన్ చదువుకున్న జమీందార్లు, లాయర్లు, చర్చి మనుషులు అని దీంతోనే తెలుస్తుంది, హైలాండ్స్‌లో కత్తి పట్టి చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి గ్లాసులు ఉండేవి కావు.

ఆమెన్ గ్లాసులు అంటే?

అన్నిట్లోకీ అరుదైనవి. తెలిసినవి నలభై లోపే. మిగతావాటిలా చక్రంతో చెక్కినవి కావు, వజ్రపు మొనతో చేత్తో గీసినవి. కిరీటం, దాని కింద జె, ఆర్ (జాకోబస్ రెక్స్, అంటే జేమ్స్ రాజు) అక్షరాలు అల్లుకుని తిన్నగా ఒకసారి, అద్దంలోలా తిరగేసి ఒకసారి, మధ్యలో 8 అంకె. జేమ్స్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ ఇంగ్లండ్‌కి అయితే మూడో జేమ్స్, స్కాట్లండ్ లెక్కలో ఎనిమిదో జేమ్స్, 8 ఉందంటే గీయించుకున్నవాళ్ళ మనసు ఏ దేశంలో ఉందో తెలిసిపోతుంది. దాని చుట్టూ జాకోబైట్ల రాజగీతం చరణాలు, చివర ఆమెన్. దేవుడా రాజుని కాపాడు అనే ఆ గీతమే 1745 సెప్టెంబర్‌లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో హానోవర్ రాజు రెండో జార్జ్ కోసం పాడారు, ఒకే ప్రార్థన రెండు వైపులా ఇద్దరు రాజుల కోసం నడిచింది. గీసింది స్కాటిష్ ఎన్‌గ్రేవర్ రాబర్ట్ స్ట్రేంజ్ అని చేతిరాత పోల్చి కొందరు పరిశోధకులు అన్నారు, ఆయన చార్లెస్ సైన్యంలో ఉన్నవాడే, వాళ్ళ డబ్బు నోట్ల కోసం ప్లేటు కూడా చెక్కాడు. ఒక ఆమెన్ గ్లాసు స్కాట్లండ్‌లో ట్రాక్వేర్ హౌస్‌లో ఇప్పటికీ ఉంది. అమ్మకానికి వస్తే పదుల వేల పౌండ్లు, కాబట్టి ఆన్‌లైన్‌లో చవగ్గా ఆమెన్ గ్లాసు కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

గ్లాసు నిజంగా 18వ శతాబ్దందేనా అని ఎలా చూడాలి?

ముందు గాజు. జార్జ్ రావెన్‌స్క్రాఫ్ట్ 1674లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నాక సీసం కలిపిన గాజు ఇంగ్లండ్ ప్రత్యేకత అయ్యింది. బరువుగా, మెత్తటి మెరుపుతో, కొంచెం బూడిద ఛాయతో ఉంటుంది, ఇవాళ్టి గ్లాసులా నీళ్ళలా తెల్లగా ఉండదు. తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి, తెలుస్తుంది.

తర్వాత కాడ. 1740ల నుంచి 1760ల దాకా ఎయిర్ ట్విస్ట్ బాగా నడిచింది, జాకోబైట్ గ్లాసుల్లో చాలా వాటికి ఇదే కాడ. కరిగిన గాజు ముద్దలో గాలి బుడగలు పొదిగి, సాగదీసి తిప్పితే లోపల వెండి దారాలు పురి పెట్టినట్టు కనిపిస్తుంది. 1755 తర్వాత తెల్ల దారాల కాడలు, 1760ల నుంచి పట్టీలు కోసిన కాడలు వచ్చాయి. గాజు బరువు మీద పన్ను వేస్తూ 1745లో చట్టం వచ్చింది, గ్లాసులు పలచగా తేలిగ్గా అవ్వడానికి అది ఒక కారణం అంటారు. మామూలు సాదా కాడ ఉన్న జాకోబైట్ గ్లాసులు కూడా ఉన్నాయి, ఎయిర్ ట్విస్ట్ లేదని వదిలేయొద్దు.

తర్వాత పాదం. ఇది చాలామంది చూడరు, నేనైతే గ్లాసు చేతికి రాగానే తిరగేస్తాను. పాత గ్లాసు పాదం బౌల్ (వైన్ పోసే పై గిన్నె) అంత వెడల్పో, ఇంకా ఎక్కువో ఉంటుంది, మధ్యలో గోపురంలా కొంచెం పైకి లేచి ఉంటుంది. ఊదేటప్పుడు కింద ఒక ఇనప కడ్డీ అతికించి పట్టుకుంటారు, పని అయ్యాక విరగ్గొడతారు, ఆ గరుకు మచ్చని పాంటిల్ మార్క్ అంటారు, బల్లకి తగలకూడదనే పాదం మధ్యలో ఎత్తు పెట్టేది. పాదం అంచు బల్లకి ఆనే చోట రెండున్నర శతాబ్దాల గీతలు ఉండాలి, సన్నవీ లావువీ, అటూ ఇటూ ఏ దిక్కూ లేకుండా. అన్నీ ఒకే దిక్కులో గుండ్రంగా ఉంటే ఎవరో ఎమరీ పేపర్ మీద రుద్దారని అర్థం. పాదం మరీ చిన్నగా ఉన్నా, అంచు మరీ పదునుగా ఉన్నా, పగిలిన అంచుని అరగదీసి ఉంటారు, రేటు బాగా తగ్గాలి.

గ్లాసు పాతదని తేలింది. ఇక కొనేయొచ్చా?

ఆగండి, అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. గ్లాసు వయసు ఒక ప్రశ్న, దాని మీద చెక్కుడు వయసు ఇంకో ప్రశ్న. 1750 నాటి అసలైన సాదా ఎయిర్ ట్విస్ట్ గ్లాసు తీసుకుని దాని మీద నిన్న గులాబీ చెక్కినా పైన చెప్పిన పరీక్షలన్నీ పాసైపోతుంది. 19వ శతాబ్దం చివరి నుంచి జాకోబైట్ గ్లాసుల మీద మోజు పెరిగింది, మోజుతో పాటు కొత్త చెక్కుళ్ళూ పెరిగాయి. డబ్లిన్‌లో పనిచేసిన బొహీమియా ఎన్‌గ్రేవర్ ఫ్రాంజ్ టీజే పాత గ్లాసుల మీద విలియమ్ రాజు బొమ్మలు, ఐరిష్ వాలంటీర్ల గుర్తులు, జాకోబైట్ గుర్తులు చెక్కాడు, ఆయన పని ఎంత బాగుంటుందంటే చాలా కాలం అసలువని చెలామణి అయ్యాయి.

చూడాల్సింది ఇదీ. 10 రెట్లు పెద్దగా చూపించే లూప్ అనే చిన్న భూతద్దం, పక్కనుంచి పడే లైట్ కావాలి. అప్పటి చెక్కుడు చిన్న చిన్న రాగి చక్రాలకి నూనె, ఎమరీ పొడి పట్టించి చేసేవాళ్ళు, కోత మెత్తగా బూడిద రంగులో ఉంటుంది, కాలంతో ఇంకా మెత్తబడుతుంది. తెల్లగా పొడి పొడిగా మెరుస్తుంటే అనుమానించండి. బౌల్ మీద వాడకం వల్ల పడ్డ సన్న గీతలు ఉంటాయి కదా, అవి చెక్కుడు మీద నుంచి వెళ్తున్నాయా, లేకపోతే చెక్కుడే ఆ గీతల్ని తెగ్గొట్టుకుని వెళ్తోందా అన్నది జాగ్రత్తగా చూడండి, రెండోదైతే గ్లాసు అరిగిన చాలా కాలం తర్వాత చెక్కారని అర్థం. ఆ తర్వాత చెక్కినవాళ్ళ చేతి తీరు. చక్రంతో చెక్కిన జాకోబైట్ గ్లాసుల్లో చాలావరకు కొద్దిమంది చేతుల నుంచే వచ్చాయని పెద్ద ఎత్తున ఫొటోలు పోల్చి చూసినవాళ్ళు తేల్చారు, ఒక్కొక్కరు రేకు మడత, ఆకు ఈనె, ముల్లు వేసే తీరు వేరు. మ్యూజియం ఫొటోలు పక్కన పెట్టుకుని రేకు రేకూ పోల్చండి. ఇది విసుగొచ్చే పని, కానీ దీనికి షార్ట్‌కట్ లేదు.

యువీ టార్చ్ కొంటే సరిపోతుందా?

సీసం గాజు యువీ కింద నీలంగా, మామూలు సోడా గాజు పచ్చగా కనిపించడం మామూలు. పనికొచ్చే పరీక్షే కానీ అది గాజు రకం చెప్తుంది, చెక్కుడు వయసు చెప్పదు. గోటితో కొట్టి మోగుతుందా అని చూడటం కూడా అంతే, పైగా వేరేవాళ్ళ గ్లాసుని అలా కొట్టొద్దు దయచేసి.

జాకోబైట్ కాకుండా ఇంకేం రాజకీయ గ్లాసులు ఉన్నాయి?

అవతలి పార్టీవే ఉన్నాయి. 1690 బోయిన్ యుద్ధంలో గెలిచిన విలియమ్ గుర్రం మీద ఉన్నట్టు, ఆయన అమర స్మృతికి అన్నట్టు రాసినవి, ఐర్లండ్‌లో ఎక్కువ. వాటి మీద 1690 అని రాసుంటే అది యుద్ధం జరిగిన ఏడాది, గ్లాసు చేసిన ఏడాది కాదు. తర్వాత 1763లో ఆపిల్ సైడర్ మీద పన్ను వేస్తే జనం మండిపడ్డారు, "నో ఎక్సైజ్" అని చెక్కిన ఆపిల్ చెట్టు గ్లాసులు ఆ గొడవవే, 1766లో పన్ను తీసేశారు. అదే 1763లో జాన్ విల్క్స్ తన పత్రిక 45వ సంచికలో రాజు ప్రసంగాన్ని తిట్టి అరెస్టయ్యాడు, 45 అంకె, లిబర్టీ అన్న మాట ఉన్న వస్తువులు ఆయన అభిమానులవి. ఏడేళ్ళ యుద్ధం రోజుల్లో శత్రువుల ఓడల్ని పట్టే ప్రైవేటు ఓడల పేర్లతో, వాటికి విజయం కలగాలి అని చెక్కిన గ్లాసులు బ్రిస్టల్ వైపు నుంచి వచ్చాయి. డచ్చివాళ్ళవి పూర్తిగా వేరే ప్రపంచం, వజ్రపు మొనతో చుక్కలు చుక్కలుగా కొట్టి బొమ్మ తేల్చేవాళ్ళు, ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్, డేవిడ్ వుల్ఫ్ పేర్లు వెతికి ఫొటోలు చూడండి, చూస్తూ ఉండిపోతారు.

మన దగ్గర ఎక్కడైనా చూడొచ్చా?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గ్యాలరీ ఉంది, ఇంగ్లిష్, ఐరిష్, వెనీషియన్, బొహీమియన్ గాజు చూడొచ్చు. జాకోబైట్ గ్లాసు కోసమని వెళ్ళొద్దు, చక్రంతో చెక్కిన గాజుకి, లోతుగా కోసిన కట్ గ్లాసుకి తేడా కంటికి అలవాటు అవ్వడానికి వెళ్ళండి. యూకేలో ఉన్న మనవాళ్ళకి అయితే అదృష్టమే. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, ఎడిన్‌బరోలో నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్, ఫోర్ట్ విలియమ్‌లో వెస్ట్ హైలాండ్ మ్యూజియం, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చాసల్టన్ హౌస్. చాసల్టన్‌లో ఒకే ఇంటికి చెందిన గ్లాసులు, డికాంటర్లు (వైన్ పోసి బల్ల మీద పెట్టే గాజు సీసాలు) ఉన్నాయి, ఏ ఇంట్లో వాడారో తెలిసిన గ్లాసుని చూడటం వేరే అనుభవం.

విదేశంలో కొని ఇండియాకి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు, కస్టమ్స్‌లో వందేళ్ళు దాటిన పురాతన వస్తువులకి వేరే కేటగిరీ ఉంది, ఆ వయసు చూపించే బిల్లు, డీలర్ సర్టిఫికెట్ దగ్గర ఉండాలి. డ్యూటీ రేట్లు మారుతుంటాయి, కొనే ముందే కస్టమ్స్ బ్రోకర్‌ని అడగండి. బ్రిటన్ నుంచి బయటికి తేవడానికి కూడా ఖరీదైన పాత వస్తువులకి ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలి, మంచి వేలం సంస్థ ఆ సంగతి చెప్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి, మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుని ప్రైవేటు మనిషి దేశం బయటికి పంపడం కుదరదు, దేశంలో వాటి వ్యాపారం చెయ్యాలన్నా లైసెన్సు ఉండాలి. రేపు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి తీసుకెళ్దాం అనుకుంటే ఇబ్బంది పడతారు, కాబట్టి దిగుమతి కాగితాలు జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చే ముందే పురావస్తు శాఖ వాళ్ళని అడగడం మేలు.

వాటిలో తాగొచ్చా? ఎలా కడగాలి?

ఆ గాజులో సీసం బాగా ఉంటుంది, మూడో వంతుకి దగ్గర్లో. ఎప్పుడో ఒకసారి పోసుకుని వెంటనే తాగేస్తే వేరు, పోసి ఉంచేయడం మాత్రం వద్దు, నేనైతే అసలు పొయ్యను. డిష్‌వాషర్ పేరు కూడా ఎత్తొద్దు. సింక్‌లో కాకుండా ప్లాస్టిక్ టబ్‌లో కింద టవల్ పరిచి, గోరువెచ్చటి నీళ్ళలో ఒక్కో గ్లాసే కడగండి. తుడిచేటప్పుడు ఒక చేత్తో పాదం పట్టుకుని ఇంకో చేత్తో బౌల్ తిప్పితే కాడ టప్పున విరుగుతుంది, పాత గ్లాసులు ఎక్కువగా పోయేది ఇలాగే, బౌల్‌ని పట్టుకునే బౌల్ తుడవాలి. బీరువాలో వేడెక్కే బల్బులు వద్దు. గాజు లోపల సన్నటి పగుళ్ళ వలలా కనిపించినా, ముట్టుకుంటే జిగటగా, చెమట పట్టినట్టు ఉన్నా అది గాజు జబ్బు, వానాకాలం తేమకి ఎక్కువవుతుంది, అలాంటి గ్లాసు ఎంత చవగ్గా ఇచ్చినా కొత్తవాళ్ళు కొనొద్దు.

మొదటి గ్లాసుగా ఏది కొనాలి?

ఏ చెక్కుడూ లేని సాదా ఎయిర్ ట్విస్ట్ గ్లాసు ఒకటి. జాకోబైట్ దానితో పోలిస్తే ఖరీదు చాలా తక్కువ, మోసపోయే అవకాశం కూడా తక్కువ, ఎవరూ చెక్కని గ్లాసుకి దొంగ చెక్కుడు ఉండదు కదా. అసలు గాజు బరువు, రంగు, పాదం అరుగుదల చేతికి, కంటికి తెలిశాక అప్పుడు ఒక గులాబీ, ఒక మొగ్గ ఉన్న గ్లాసు వైపు వెళ్ళండి, గాజు మీద స్పెషలిస్ట్ ఉన్న వేలం సంస్థ దగ్గరో, రాతపూర్వకంగా గ్యారంటీ ఇచ్చే డీలర్ దగ్గరో. బిల్లు మీద "18వ శతాబ్దపు గ్లాసు" అని రాస్తే సరిపోదు, "చెక్కుడు కూడా అదే కాలానిది" అని విడిగా రాయించుకోండి. రాయను అంటే, కారణం ఏం చెప్పినా సరే, డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి.